అయిదు పేర్ల గుడ్డ

ఇంటికొచ్చినవాళ్ల మొహం కాక, వాళ్ల కళ్లు ఎటు తిరుగుతున్నాయో చూడటం వినీలకు అలవాటైపోయింది. చుట్టం గడప దాటగానే ముందు టీవీని చూశాడా, గోడ గడియారాన్ని చూశాడా, లేక తిన్నగా వంటింటివైపే చూశాడా అని మనసులో రాసుకుంటుంది. "వచ్చినోళ్లకు నీళ్లన్నా ఇయ్యకుంట గట్ల కండ్లల్లకు సూస్తవేంది?" అని ఆమె భర్త నరేందర్ చాలాసార్లు విసుక్కున్నాడు. ఏం చేస్తుంది మరి, మనిషి చూపు ముందుగా ఎక్కడ పడుతుందో కొలవడమే ఆమె ఉద్యోగం.

పార్టీలు తమ అభ్యర్థులను తమ సభ్యుల ఓట్లతోనే ఎంచుకోవాలని చట్టం వచ్చి అప్పటికి ఏడేళ్లయింది. అంతకుముందు టికెట్ ఎవరికో నలుగురు పెద్దలు ఓ గదిలో కూర్చుని తేల్చేవాళ్లు. చట్టం వచ్చాక ఆ నలుగురే అదే గదిలో కూర్చుని ఓటు కాగితం తయారుచేయడం మొదలుపెట్టారు. తమకు కావలసినవాడి పేరు పైన, లావు అక్షరాల్లో, చుట్టూ గీత గీసి మరీ వేసేవాళ్లు. అక్కరలేనివాళ్లను కింద ఓ మూలన ఇరికించేవాళ్లు. ఓటు వేసే స్వేచ్ఛ అందరికీ ఉండేది, పేరు వెతుక్కునే ఓపికే ఎవరికీ ఉండేది కాదు.

అప్పుడు ఓటు పత్రానికి నియమాలొచ్చాయి. అక్షరం ఒకే సైజు, గడి ఒకే వెడల్పు, సిరా ఒకే చిక్కదనం, పేర్ల వరుస లాటరీలో. అయినా మొదటి గడిలో పడ్డవాడికి వందకు మూడు నాలుగు ఓట్లు ఉత్త పుణ్యానికి వచ్చిపడేవి. ఒక్కో ఓటరుకు ఒక్కో వరుసలో పేర్లు చూపిద్దామని కొందరు పండితులు సలహా ఇస్తే పార్టీలన్నీ ఒక్క గొంతుతో గొల్లుమన్నాయి. "మన నంబరు మూడు, మూడో గడి మీద గుద్దు" అని ఊరూరా తిరిగి చెప్పుకోలేకపోతే ఇక ప్రచారమేముందన్నాయి. నిజమే, చదవడం రాని సభ్యులు గుర్తుపెట్టుకునేది ఆ నంబరునే.

సిరిసిల్ల గుడ్డ ఆ చిక్కులోంచి పుట్టింది. మూతపడ్డ మరమగ్గాల షెడ్డు ఒకదాన్ని బాగుచేసుకుని డాక్టర్ మాజిద్ ప్రయోగశాల పెట్టాడు. వెలుగును మోసే సన్నటి దారాన్ని పేకగా, అంటే అడ్డపోగుగా, వేసి అక్కడ గుడ్డ నేశారు. చేతిరుమాలు కన్నా కాస్త పెద్దది. దాని మీద అయిదు పేర్లు పక్కపక్కన వెలుగుతాయి, నచ్చినదాని మీద వేలు పెడితే ఓటు పడుతుంది. చూసేవాళ్ల కన్ను ఎటు పోతుందో కొన్ని దారాలు పసిగడతాయి. వినీల పదకొండు వందల నలభైమందిని ఒక్కొక్కరిగా ఆ గుడ్డ ముందు కూర్చోబెట్టి, ఏ గడి మీద చూపు ఎంత పడుతుందో లెక్కకట్టి చూపు పట్టిక తయారుచేసింది. పట్టిక ప్రకారం చూపు ఎక్కువ పడే గడిలో వెలుగు వెంట్రుకవాసి తగ్గుతుంది, తక్కువ పడే గడిలో అంతే పెరుగుతుంది. కన్ను ఎటూ జారదు. ఓటింగుకు పంపే ముందు కన్ను పసిగట్టే దారాలను కత్తిరించేస్తారు, ఎవరి గుట్టూ బయటపడకుండా.

ఉమ్మడి బాట పార్టీ పదకొండు నియోజకవర్గాల్లో తన అభ్యర్థులను ఆ గుడ్డతోనే ఎంచుకోవడానికి ఒప్పుకుంది. వాటిలో సిరిసిల్ల పట్నం, చుట్టుపక్కల ఊళ్లు కలిసినది ఒకటి. అక్కడ నిలబడ్డ అయిదుగురిలో వినీల తోడబుట్టిన అక్క స్వరూప కూడా ఉంది. పన్నెండేళ్లుగా పార్టీ జెండా మోసి, బీడీ కార్మికుల పింఛన్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరగదీసిన మనిషి. అక్క పోటీలో ఉందని తెలియగానే వినీల తాను పక్కకు తప్పుకుంటానంది. మాజిద్ నవ్వాడు.

"పట్టిక ఏడాది కిందనే సీలైంది వినీలా. మీ అక్క ఎవలో గా దారాలకేం ఎరుక?"

లాటరీలో స్వరూపకు నడిమి గడి, అంటే మూడో నంబరు వచ్చింది. ఆమెకు గట్టి పోటీదారైన దేవయ్యకు చివరిది, అయిదో నంబరు వచ్చింది. ఫలితం నాడు స్వరూప రెండు వందల పన్నెండు ఓట్లతో గెలిచింది.

గెలిచిన మూడోనాడు స్వరూప ఇంట్లో భోజనాలు పెట్టారు. వినీల తల్లి నర్సవ్వ తరఫు చుట్టాలంతా వచ్చారు. ఆర్మూరు నుంచి వినీల అత్తగారు గంగామణి కూడా వాళ్ల మనుషులను ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చింది. గంగామణిది పసుపు పండించే ఇల్లు. పసుపుకొమ్ములను రంగు చూసి నాలుగు రకాలుగా విడదీయడంలో ఆమె కన్నుకు ఆ చుట్టుపక్కల పేరుంది. ప్రయోగశాల నుంచి తెచ్చిన నమూనా గుడ్డను స్వరూప కొడుకులు ముందుగది గోడకు ముచ్చటగా వేలాడదీశారు. గంగామణి దాని ముందు నిలబడి తల అటూ ఇటూ వంచి చూసింది.

"గీ నడిమి పేరొక్కటే ముందుకొచ్చినట్టు కొడ్తుందేంది బిడ్డా?"

"లేదత్తమ్మా, అయిదూ ఒక్క తీర్గనే ఉంటయి. గట్లుండాల్ననే నేసినం" అంది వినీల.

"నాకైతే నడిమిదే కనవడ్తుంది. కడమయి ఎనకకు నిలవడ్డట్టున్నయి."

నర్సవ్వకు కోపం వచ్చింది. కూతురు చేసిన గుడ్డలో వంక పెట్టడమంటే అది ఇంటి పరువుకు సంబంధించిన విషయం. "ఎక్కడ కనవడ్తుందొదినే? నాకైతే అన్ని సమానమే" అంది. వియ్యపురాళ్లిద్దరూ పంతానికి దిగేలా ఉన్నారని నరేందర్ అన్నం వడ్డించమని తొందరపెట్టాడు. కానీ వినీలకు కాలు నిలవలేదు. చేతిలో కూర గిన్నెతోనే వచ్చినవాళ్లందరినీ ఒక్కొక్కరినే గోడ దగ్గరికి పిలిచి అడగడం మొదలుపెట్టింది. ఆర్మూరు నుంచి వచ్చిన నలుగురూ నడిమి పేరే అన్నారు. తల్లి తరఫువాళ్లు పదిమందీ తేడా లేదన్నారు. మొదట అది వియ్యాలవారి పట్టింపే అనుకుంది. చివరికి భర్తను పిలిచింది. నరేందర్‌కు ఏ పట్టింపూ లేదు, ఆకలి తప్ప.

"నడిమిదే" అన్నాడు. "నాకెప్పటికెల్లో గట్లనే అనిపిస్తది. గట్లనే ఉండాల్నేమో అనుకున్న."

మర్నాడు వినీల అమ్మనూ అత్తనూ ఇద్దరినీ ఆటోలో ప్రయోగశాలకు తీసుకుపోయింది. దారాలు కత్తిరించని గుడ్డ ముందు ఇద్దరినీ వేర్వేరుగా కూర్చోబెట్టింది. పక్కన అద్దం పలక మీద వాళ్ల చూపు ఎర్ర చుక్కలా తిరిగింది. గంగామణి చుక్క నడుమ మొదలై, ఎడమకు పోయి, కుడికి పోయి, మళ్లీ నడుమకొచ్చి ఆగింది. నర్సవ్వ చుక్క ఎడమ అంచున మొదలైంది, ఒక్క దూకుతో కుడి అంచుకు పోయింది, ఆ తర్వాతే లోపలికి దిగింది. మూడుసార్లు చూపించినా మూడుసార్లూ అంతే.

"అమ్మా, ముందుగాల అంచులెందుకు సూస్తున్నవే?"

నర్సవ్వ ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. నలభై ఏళ్లు మగ్గాల మధ్య నిలబడిన మనిషి. "అంచు సూడకుంట గుడ్డ ఎట్ల సూస్తరే? పోగు తెగిందా లేదా ముందుగాల అంచుల్నే తెలుస్తది."

"అంచులకెల్లి గుడ్డ ఎవలు సూస్తరొదినే?" అంది గంగామణి, అంతే ఆశ్చర్యంగా.

మాజిద్ ఆ మాట విని కుర్చీలో వెనక్కి వాలాడు. పదకొండు వందల నలభైమందిని ఎంచుకునేటప్పుడు ఎంత జాగ్రత్తపడ్డారు! ఆడా మగా సమానం, ముసలీ ముతకా, చదువుకున్నవాళ్లూ చదవనివాళ్లూ, అన్ని కులాలూ, పట్నంలోని అన్ని వాడలూ చూసుకున్నారు. ఏం పని చేస్తారని మాత్రం ఒక్కరినీ అడగలేదు. పొద్దున లేస్తే మగ్గాల చప్పుడే వినే ఊళ్లో ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. పట్టిక సిరిసిల్ల కళ్లకు సరిగ్గా కుదిరింది. అంచులు చూపును లాగుతాయని అక్కడ వెలుగు తగ్గించి, నడుమ పెంచింది. ఊళ్లలో సేద్యం చేసుకునేవాళ్లు అంచులను పట్టించుకోరు కాబట్టి వాళ్లకు నడిమి గడి ఒక్కటే ముందుకొచ్చినట్టు కనబడింది.

వినీల బస్టాండులో నిలబడి, ఊళ్ల నుంచి వచ్చిన వందలమందిని బతిమాలి తీసుకొచ్చి రెండు రోజులు పరీక్షించింది. నూటికి ఇద్దరు, మనసులో ఎవరూ గట్టిగా లేనివాళ్లు, నడిమి గడికి జారుతున్నారు. ఊళ్లలో పోలైన ఓట్లు పద్దెనిమిది వేలు. అంటే రమారమి మూడు వందల అరవై ఓట్లు. అక్క గెలిచింది రెండు వందల పన్నెండుతో.

లెక్క తేలినప్పుడు వినీలకు, చెప్పకూడదు గానీ, ముందు సంతోషమే కలిగింది. మనిషి చేసే పని మనిషి కంటిని ఇంతగా మలుస్తుందని ఎవరికి తెలుసు! ఆ సంతోషం రెండు నిమిషాలు కూడా నిలవలేదు. తయారుచేసినవారికి లోపం కనబడితే ఫలితం వచ్చిన ఏడు రోజుల్లోగా రాసివ్వాలని నియమం ఉంది. ఆ నియమం ముసాయిదా రాసింది వినీలే. ఆ రోజుకు ఆరు రోజులు గడిచాయి.

ఏడోనాటి పొద్దున్నే ఆమె స్వరూప ఇంటికి వెళ్లింది. స్వరూప ఊళ్ల పేర్లు రాసుకుంటూ, ఏ ఊరికి ఏనాడు పోవాలో చూసుకుంటూ ఉంది. పన్నెండేళ్లలో ఆమె మొహంలో అంత తెరిపి చెల్లెలు ఎప్పుడూ చూడలేదు. అందుకే మాట చుట్టూ తిప్పకుండా ఒక్కసారే చెప్పేసింది.

"అక్కా, నీకు పడ్డ ఓట్లల్ల మూడు వందల అరవై దాక గుడ్డ ఏపిచ్చినయే. నువ్వు ఏపిచ్చుకున్నయి గావు."

స్వరూప కలం పక్కన పెట్టింది. వినీల అంచుల సంగతి, నడిమి గడి సంగతి అంతా చెప్పింది.

"పక్కా లెక్కేనా?"

"పక్కా అని చెప్పరాదు. రెండు వందల యాభై ఉండొచ్చు, నాలుగు వందల డెబ్బై ఉండొచ్చు. ఎట్ల సూసినా నీ మెజారిటీ కంటె ఎక్కువనే."

"ఎవలెవలికి తెల్సు?"

"నాకు, సారుకు. అత్తమ్మకు సగం తెల్సు."

స్వరూప ఊళ్ల పేర్ల కాగితాన్ని రెండుగా మడిచింది. "పోయినసారి కాగితం ఓట్లప్పుడు దేవయ్యకు మొదటి గడి అచ్చింది. నాకంటె ఎనిమిది వందలు ఎక్కువ పడ్డయి. గప్పుడు ఎవలన్న అచ్చి గియ్యి గడి ఓట్లు అని చెప్పిన్రా?"

"లేదు."

"మరి నాకొక్కపాలి కలిసొస్తె గది తప్పయిందా?"

అక్క అడిగినదాంట్లో తప్పేమీ లేదు. అలాంటి కాగితాల అన్యాయాన్ని కొలిచి చెప్పడానికే కదా తాను ఈ పనిలోకి దిగింది!

"నీకు ఒక మాట చెప్పకుంట రాసిద్దామంటె మనసొప్పలే" అంది చివరికి.

"అంటే రాసిచ్చుడైతే ఖాయమే. అడగనీకె రాలే, చెప్పనీకె అచ్చినవ్." స్వరూప లేచి నిలబడింది. "నువ్వు నా చెల్లెవా, పట్టికవా?"

వినీల బయటికొచ్చి స్కూటరు మీద కూర్చుని ఏడ్చింది. రోడ్డున పోయేవాళ్లు చూస్తున్నా ఆపుకోలేకపోయింది. ఏడ్చాక మొహం తుడుచుకుని నేరుగా పార్టీ ఎన్నికల అధికారి దగ్గరికి పోయి కాగితం ఇచ్చింది. అధికారి దాన్ని రెండుసార్లు చదివి, కింద ఆమె సంతకం చూసి, మూడోసారి చదివాడు.

మిగతా పదిచోట్ల తేడాలు వేలల్లో ఉండటంతో ఫలితాలు మారలేదు. ఇక్కడ మాత్రం మళ్లీ ఓటింగు పెట్టాలని తేలింది. ఆ వార్త వచ్చిన మర్నాడే గుడ్డ కోసం అడిగిన మరో రెండు పార్టీలు వెనక్కి తగ్గాయి. షెడ్డులో ఎనిమిది మగ్గాలకు ఆరు ఆగిపోయాయి. వాటి మీద పనిచేసేవాళ్లు వినీల ఎదురుపడితే పలకరించడం మానేశారు.

ఓ మధ్యాహ్నం దేవయ్య ప్రయోగశాలకు వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఇంట్లో ఇప్పటికీ గొర్రెల మంద ఉంది. వినీల లేచి నిలబడింది, ఎగతాళి చేస్తాడేమోనని లోపల బెదురుగానే ఉంది.

"గెలిచినోళ్ల దిక్కుకెల్లి అచ్చి లోపం చెప్పుడు నా అరవై ఏండ్లల్ల సూడలే బిడ్డా. జర గా గుడ్డ నాకు గూడ సూపెట్టు" అన్నాడు.

కూర్చోబెట్టి చూపించింది. ఆయన చూపు అంచుకూ పోలేదు, నడుమకూ పోలేదు. ముందు చిట్టచివరి గడి మీద పడింది. అక్కడి నుంచి నెమ్మదిగా వెనక్కి నడిచింది. అలా ఎందుకని అడిగితే ఆయన గడ్డం గీరుకున్నాడు.

"మంద పోతాంటె ఎనకవడ్డ గొర్రెను ముందుగాల సూడాలె గద. అలవాటు."

వినీల వెంటనే పట్టిక ముందు కూర్చోలేదు. గుడ్డను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నేసేవాళ్లకు ఒకటి, పసుపు పండించేవాళ్లకు ఒకటి, గొర్రెలు కాసేవాళ్లకు ఇంకొకటి. కల్లు గీసేవాళ్లు ఎలా చూస్తారో, లారీ నడిపేవాళ్లు ఎలా చూస్తారో ఇంకా కొలవనే లేదు. అందరి కళ్లకూ సమానంగా ఉండే గుడ్డ ఒక్కటి నేయాలని ఆరేళ్లు వెచ్చించింది. అలాంటిది లేదని, ఉండదని ఆమెకు అప్పుడు అర్థమైంది. దిగులు వేసింది. దిగులుతోబాటు, సిగ్గుపడాల్సినంత ఉత్సాహం కూడా వచ్చింది.

రెండో ఓటింగుకు ఊళ్ల కోసం వేరే పట్టిక తయారైంది, పట్నంలో పాతదే ఉంచారు. దానితోబాటు వినీల ఒక కొత్త నియమం రాసి పంపింది. మాజిద్ దాన్ని చదివి, "మన సరుకు మంచిది గాదని మనమే రాసుకునుడా?" అని తల పట్టుకున్నాడు గానీ సంతకం పెట్టాడు. అధికారి కూడా ఒప్పుకున్నాడు. ఆ నియమం ప్రకారం ప్రతి గుడ్డ మీదా, పేర్లకన్నా పైన, ఈ రెండు వాక్యాలు వెలిగాయి: "ఈ గుడ్డ మీ కంటికి ఒక పక్కకు మొగ్గుతూ ఉండవచ్చు. అయిదు పేర్లూ చూసి ఓటు వేయండి." చదవలేనివాళ్లకు పోలింగు బూత్‌లో ఓ మనిషి చదివి వినిపించాడు.

పేర్ల వరుసకు మళ్లీ లాటరీ తీశారు. ఈసారి స్వరూపది నాలుగో గడి. ఆమె మళ్లీ ఊరూరా తిరిగింది, మూడు మరిచిపొండి, నాలుగు గుర్తుపెట్టుకోండి అని చెప్పుకుంది. ఎక్కడా చెల్లెలిని ఒక్క మాట అనలేదు, చెల్లెలితో ఒక్క మాట మాట్లాడనూ లేదు. లెక్కింపులో నూట నలభై ఎనిమిది ఓట్లతో ఓడిపోయింది.

నెలా పదిరోజుల తర్వాత స్వరూప ప్రయోగశాలకు వచ్చింది. వినీల అప్పుడు పట్నం చివర ఉండే కుమ్మరులను కూర్చోబెట్టి చూపులు కొలుస్తోంది. అక్కను గుమ్మంలో చూడగానే కలం పక్కన పెట్టింది. వాళ్లను టీ తాగి రమ్మని పంపేసింది. స్వరూప నేరుగా వచ్చి ఖాళీ అయిన కుర్చీలో కూర్చుంది.

"మస్తు ఆలోచించిన" అంది. "మొదటిపాలి గెలిచినప్పుడు నాకు పదకొండు వేల ఎనిమిది వందలు పడ్డయి. గండ్ల ఏవి నావో, ఏవి గుడ్డవో నువ్వు గూడ చెప్పలేవు. రెండోపాలి తక్కువ పడ్డయి. గని గా పైన రాసింది సూసినంక గూడ నాకు ఏసిండ్రంటె, గవి నావే గదా?"

"నీవేనక్కా."

"కోపం పోయిందని గాదు. పోలే. చెప్తున్న అంతే."

వినీల తలూపింది. స్వరూప ముందున్న గుడ్డను చేత్తో తడిమింది, నేతపని ఇంటి పిల్ల కదా, ముందు అంచునే తడిమింది.

"ఒకటడుగుత, నిజం చెప్పు. పార్టీల నీకు గూడ ఓటున్నదాయె, రెండోపాలి నువ్వెవలికి ఏసినవ్?"

"నీకే."

"అయిదు పేర్లు సూసే ఏసినవా? సూడుమని అందరికి రాసిపెట్టినవ్ గద."

వినీల మొహం ఎర్రబడింది. ఊరందరి చూపులూ కొలిచిన మనిషి, తాను రాసిన నియమాన్ని తానే పాటించలేదు. "లేదు" అంది. "లోపటికి పోంగనే నీ పేరే కనవడ్డది. కడమయి సూడనే లేదు."

"నాలుగో గడి అంత మెరిసిందా?"

"గడి గాదే. నువ్వు మా అక్కవని."

స్వరూప పెద్దగా నవ్వింది. ఎన్నికల తర్వాత ఆమె నవ్వడం అదే మొదటిసారి. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"గా మొగ్గుకు పట్టిక లేదా మరి?"

"లేదక్కా. ఎట్ల కొలవాల్నో గూడ తెల్వది."

"కొలువకు" అంది స్వరూప, చెల్లెలి చెయ్యి పట్టుకుని.